పొట్లం మీద పేరు

“వాడు బస్సు దిగంగనే నా మొకం సూడడే కల్పనా. ఓదెలు ఇల్లు ఏ దిక్కున్నదో ఆ దిక్కే సూత్తడు. జైల్ల కూసోని కూసోని మనసుల ఏం వెట్టుకున్నడో ఏమో. నాకు బుగులైతాంది.”

మొగిలవ్వ ఈ మాట అన్నప్పటికి హైదరాబాదు బస్సు ఇంకా రానే లేదు. జగిత్యాల బస్టాండులో సిమెంటు బల్ల మీద తల్లీ కూతుళ్ళు పొద్దున ఏడింటి నుంచీ కూర్చుని ఉన్నారు. కల్పన తంగళ్ళపల్లి నుంచి సిరిసిల్ల వచ్చి, అక్కడ తొలి బస్సు పట్టుకుని వచ్చింది. మగ్గాల షెడ్డులో పని మానుకుని వచ్చిందేమో, కండ్లలో నిద్ర ఇంకా తీరలేదు.

“తమ్ముడు ఇంక దిగనే లేదు, నువ్వు అప్పుడే పోలీస్ ఠాణా దాక పోయినవా అవ్వా? నాలుగేండ్లకు అత్తుండు. జర మొకం మంచిగ వెట్టు.”

ఊళ్ళో అందరూ అనే మాటే అది. మొగిలవ్వకు మబ్బు కనబడితే పిడుగు పడ్డట్టే లెక్క. మొగుడు చెట్టెక్కితే కింద పడతాడని, కూతురు మగ్గం దగ్గర నిలబడితే కొంగు చిక్కుకుంటుందని, కొడుకు విమానం ఎక్కితే అది కూలుతుందని ఆమెకు భయం. అన్నన్ని భయాల్లో ఏదీ నిజం కాలేదు. ఆమెకు తోచనే తోచనిది ఒకటి మాత్రం జరిగింది. అది ఆమె చేతుల మీదుగానే జరిగింది. ఆ సంగతి ఈ భూమ్మీద ఆమెకు తప్ప ఇంకెవరికీ తెలియదు.

బస్సు వచ్చింది. అందరూ దిగాక, అందరికన్నా వెనక వీరేందర్ దిగాడు. చేతిలో ఒక ప్లాస్టిక్ సంచి, అంతే. ఇరవై తొమ్మిదేండ్లకే చెవుల పక్కన వెంట్రుకలు తెల్లబడ్డాయి. మొగిలవ్వ వాడి రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది. వాడు ఏడవలేదు. తల్లి నెత్తి మీద చెయ్యి వేసి, “బాపు ఫోటో కట్టిచ్చిన్రా?” అన్నాడు.

“కట్టిచ్చినం తమ్మీ.”

“మంచిది.” బస్టాండు బయట కోరుట్ల బస్సు ఎక్కడ ఆగుతుందో చూస్తూ, ఏదో వానల సంగతి అడిగినట్టుగా అడిగాడు. “ఓదెలు మామ ఇంక చెట్లెక్కుతుండా?”

మొగిలవ్వ కూతురి వంక చూసింది. కల్పన తల దించుకుంది.

*

కోరుట్లకు నాలుగు మైళ్ళ అవతల వాళ్ళ ఊరు. ఆ ఊళ్ళో ఒక పద్ధతి ఉంది. ఎవరైనా దుబాయి పోతున్నారంటే, అక్కడ కొడుకులున్న తల్లులు తలా ఒక మూట తెచ్చిస్తారు. పాత ధోవతి గుడ్డలో అప్పాలు, తొక్కు, కారప్పొడి పెట్టి, అంచులు దగ్గరగా కుట్టి ఇస్తారు. తీసుకుపోయేవాడు ఆ కుట్టు విప్పడు. విప్పితే, ఇచ్చినవాళ్ళను దొంగల్లాగా చూసినట్టే.

నాలుగేండ్ల కింద వీరేందర్ పోయేనాడు మల్లక్క అట్లాంటి మూటే తెచ్చింది. మల్లక్క ఓదెలు పెండ్లాం. వాళ్ళ కొడుకు శ్రవణ్ అప్పటికే దుబాయిలో ఉన్నాడు, వీరేందర్ ఉండబోయేది వాడి గదిలోనే. రెండిళ్ళూ కల్లు గీసే గౌండ్లోళ్ళవే. కాలువ గట్టు మీది రెండు తాటిచెట్లు ఎవరి వంతుకు రావాలన్న దగ్గర వీరేందర్ తండ్రి లక్ష్మీరాజానికీ ఓదెలుకూ రెండేండ్లుగా మాటల్లేవు. ఆ మూటతో మళ్ళీ మాటలు కలిశాయి. “పిల్లగాండ్లు ఒక్క గిన్నెల తింటరు, మనకెందుకు బావా పంచాది” అని ఓదెలు స్వయంగా వచ్చి అన్నాడు.

ఆ మధ్యాహ్నం వీరేందర్ తన సంచిని కొక్కెం తరాజుకు వేలాడదీసి చూశాడు. బరువు ఎక్కువైంది. తల్లి పెట్టిన పొట్లం ఒకటి తీసి గడప పక్కన పెట్టాడు. అరకిలో గసగసాలు.

“గసాలు అక్కడ దొర్కయా అవ్వా? ఎందుకివి?”

“గసాలేసిన కూర తింటే నిద్ర వడ్తది కొడుకా. కొత్త జాగల నీకు నిద్ర వట్టదు.”

“వద్దన్న గదనే,” అని వాడు దోస్తులను కలవడానికి బయటికి పోయాడు.

మొగిలవ్వ ఆ పొట్లం వంకే చూస్తూ కూర్చుంది. కొడుకు పరాయి దేశంలో కండ్లు తెరుచుకుని పడుకున్నట్టు, పొద్దున కడుతున్న ఎత్తైన బంగ్లా మీద నిద్రమత్తులో కాలు జారినట్టు ఆమెకు కండ్లముందే కనబడింది. లేచి, బీడీల కత్తెరతో మల్లక్క మూట కుట్టు నాలుగు వేళ్ళ మేర విప్పింది. పిండి సంచుల నడుమ పొట్లం తోసింది. మూట ఎట్లాగూ ఆ గదికే పోతుంది, శ్రవణ్ విప్పి ఇస్తాడు. వేరేవాళ్ళు వాడుకోకుండా పొట్లం మీద పెన్నుతో పెద్ద అక్షరాలతో కొడుకు పేరు రాసింది. ఐదో తరగతి చదువు ఆమెకు అట్లా అక్కరకొచ్చింది. మళ్ళీ బీడీ దారంతోనే కుట్టేసింది. తిరిగొచ్చిన కొడుకు, గసాల పొట్లం ఇంట్లోనే ఉండిపోయిందనుకున్నాడు.

ఆ దేశంలో గసగసాలంటే మత్తుమందు కింద లెక్క. మస్కట్‌లో ఎనిమిదేండ్లు చేసి వచ్చిన ఓదెలుకు ఆ సంగతి తెలుసు. కల్లు మండువలో కూర్చున్న మగవాళ్ళకు పదిసార్లు చెప్పాడు కూడా. ఇంట్లో చాట ముందు పెట్టుకుని బీడీలు చుట్టుకునే ఆడవాళ్ళకు ఆ మాట ఎవరూ మోసుకు రాలేదు.

విమానం దిగిన చోటే వీరేందర్‌ను పట్టుకున్నారు. నెల తర్వాత కాగితాలు వస్తే, కల్పన వాటిని సిరిసిల్లలో అరబ్బీ తెలిసిన ఒకాయనతో చదివించింది. ఆయన చదివి చెప్పిన మాటలు ఊరంతా పాకాయి. మూట ఓదెలుది. పొట్లం మీద పేరు వీరేందర్‌ది. ఈ మూట పరాయివాళ్ళదని వాడు మొత్తుకున్నా, నీ పేరే ఉంది కదా అని అక్కడివాళ్ళు వినలేదు.

ఊరికి ఇంకేం కావాలి? గసాలు పంపొద్దని అందరికీ చెప్పినవాడే పంపాడు. పైగా పిల్లగాడి పేరు రాసి మరీ పంపాడు. రెండు తాటిచెట్ల పగ. లక్ష్మీరాజం మండువలో అందరి ముందూ ఓదెలు కల్లు లొట్టిని కాలితో తన్ని పగలగొట్టాడు. ఆనాటి నుంచి ఆ ఊళ్ళో ఓదెలు కల్లు ముట్టినవాడు లేడు.

ఒకనాడు మల్లక్క వచ్చి గడప అవతల నిలబడింది.

“వదినా, గా మూట నా చేతులతోని కుట్టిన. బియ్యప్పిండి, కారప్పొడి, మామిడి తొక్కు. గంతే. ఊరు ఏమన్న అననీ. నువ్వు నమ్ముతవా నమ్మవా? గదొక్కటి చెప్పు, నేను పోత.”

మొగిలవ్వ చాట మీంచి తల ఎత్తలేదు. ఆకు చుట్టింది, కొస మడిచింది, దారం వేసింది. ఇంకోటి చుట్టింది. పది బీడీలు చుట్టేంతసేపు మల్లక్క అక్కడే నిలబడి, పోయింది.

చెబుదామనే అనుకుంది. ఆ రోజు చెబితే లక్ష్మీరాజం ఏం చేసుకుంటాడోనని భయం. మరుసటేడు ఆయనే గుండె ఆగి పోయాడు, అల్లుడు కొరివి పెట్టాడు. ఇంకేం చెప్పాలి? కొడుకు వస్తే, వాడి మొహం చూసి చెబుదాం అనుకుంది. ఓదెలుకు పోయింది గిరాకే కదా, చెబితే తనకు కొడుకే పోతాడు కదా అని తక్కెడలో పెట్టి చూసుకుంది. ప్రతిసారీ తన వైపే ముల్లు మొగ్గింది.

*

వీరేందర్ వచ్చిన రోజు మేకకూర వండింది. వాడు రెండు ముద్దలు తిని ఆగాడు.

“గసాలెయ్యలేదా అవ్వా?”

కల్పన చేతిలో గంటె ఆగిపోయింది. వీరేందర్ నవ్వాడు. ఆ నవ్వు పండ్ల దాకానే వచ్చింది. లేచి చెయ్యి కడుక్కుని, ప్లాస్టిక్ సంచిలోంచి మడతలు పడ్డ ఒక కాగితం తీసి తల్లి ముందు పరిచాడు. జిరాక్సు బొమ్మ. ఒక పొట్లం, దాని మీద నల్లగా అలుక్కుపోయిన తెలుగు అక్షరాలు.

“నాలుగేండ్లు దీన్నే సూసిన. ఇది ఓదెలు మామ రాతనా, మల్లత్త రాతనా? నువ్వు ఊళ్ళె ఉన్నదానివి గదా, చెప్పు. ఎవలదే ఈ రాత?”

మొగిలవ్వ తన అక్షరాలను చూసింది. అవి ఆమెను చూశాయి. “నాకేం ఎరుక కొడుకా,” అన్నట్టు తల అడ్డంగా ఊపింది.

“ఎవలదైతేంది తమ్మీ ఇప్పుడు?” అంది కల్పన. “ఆయిన్ని ఊరు ఎప్పుడో ఇడిసివెట్టింది. కల్లు గీసి చెట్టు మొదట్లనే పారవోత్తుండు. ఇంకా ఏం కావాలె నీకు? పగ తీర్సుకుంటే నాలుగేండ్లు మర్లి అత్తయా?”

“రావు.”

“బాపు లేచత్తడా?”

“రాడు.” వాడు కాగితాన్ని పాత మడతల మీదే మడిచాడు. “అక్కడ మా బ్యారక్‌ల ఒక పంజాబీ ముసలాయన ఉండె. పగ కడుపుల వెట్టుకున్నోనికి తిన్నది అరగదురా అనేటోడు. కని అక్కా, బాపు పోయిండని ఫోన్ అచ్చిన్నాడు నేను అన్నం ముట్టలే. పదకొండు దినాలు. పన్నెండో దినం ఎందుకు తిన్ననో తెల్సా? నేను సస్తే ఓదెలు మామ నిమ్మలంగ పంటడు గదా అని. గా పగనే తిని బతికిన నేను. ఇప్పుడు ఇడిసివెట్టుమంటే, మరి నాకు ఏం మిగుల్తది?”

మొగిలవ్వ గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. కొడుకును బతికించింది ఆ అబద్ధమే అయితే, దాన్ని లాగేస్తే వాడు నిలబడతాడా? నిలబడితే ఎవరి మీదికి తిరుగుతాడు?

మర్నాడు కల్పన తంగళ్ళపల్లి వెళ్ళిపోయింది. పోతూ పోతూ తల్లి చెవిలో “వాన్ని ఒక్కన్ని ఇడ్వకు” అంది. మూడో రోజు వీరేందర్ గోడ మీది తండ్రి గీతకత్తి దించాడు. కోరుట్ల పోయి సాన పట్టించుకుని వచ్చాడు. “బాపు చెట్లు ఎక్కుతవా కొడుకా?” అని అడిగితే, “సూద్దాం” అన్నాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం కత్తి పట్టుకుని బయటికి పోయి, గడియలో తిరిగి వచ్చాడు. కత్తిని చూరులో పెట్టి, మొహం కడుక్కుని, తెల్ల అంగీ తొడుక్కున్నాడు.

“ఎటు కొడుకా?”

“కాలువ దిక్కు. ఓదెలు మామను కలువక నాలుగేండ్లాయె.”

వాడు పోయాక ఆమె చూరులోంచి కత్తి తీసింది. అంచుకు గోధుమరంగు నారపీచులు రెండు అంటి ఉన్నాయి. వాసన చూసింది. తోలు వాసన, ఆముదం వాసన.

ముప్పై ఏండ్లు గౌండ్లాయనతో కాపురం చేసిన మనిషికి అది ఏమిటో ఒకరు చెప్పాల్సిన పని లేదు. మోకు. నడుముకూ చెట్టుకూ కలిపి వేసుకుని ఎక్కే తాడు. ముడి దగ్గర రాపిడికి తెగకుండా తోలు చుట్టి, ఆముదం పూస్తారు. “మోకు పాణం గా తోలు కిందనే ఉంటది” అనేవాడు లక్ష్మీరాజం. అక్కడ కోస్తే పైకి కనబడదు. ఓదెలు మోకు మధ్యాహ్నమంతా చెట్ల కింది గుడిసెకే వేలాడుతుంది. తాళం వెయ్యడు. ఎవరూ వెయ్యరు. ఎంత పగ ఉన్నా, గౌండ్లోడు గౌండ్లోడి మోకు ముట్టడు. రెండు చెట్ల కోసం రెండేండ్లు మాట్లాడుకోనప్పుడు కూడా వాళ్ళిద్దరి మోకులు ఒకే గుంజకు వేలాడాయి.

ఓదెలు సాయంత్రం గీతకు ఎక్కే వేళ అవుతోంది.

చెప్పులు కూడా వేసుకోకుండా ఆమె ఉరికింది.

*

కాలువ గట్టు మీద రెండు తాటిచెట్లు. ఒకదాని కింద ఓదెలు మోకును నడుముకు వేసుకుంటున్నాడు. ఇరవై అడుగుల దూరంలో ఇంకో చెట్టుకు ఆనుకుని, చేతులు కట్టుకుని వీరేందర్ చూస్తున్నాడు. వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకున్నారో, అసలు మాట్లాడుకున్నారో లేదో తెలియదు.

“ఏంది చెల్లే, గట్ల ఉరికత్తున్నవ్?” అన్నాడు ఓదెలు. నాలుగేండ్లలో ఆమెతో ఆయన అన్న మొదటి మాట. “పామేమన్న కనవడ్డదా? నువ్వు తాడును సూసి పామనే రకం గదా.”

మొగిలవ్వ మోకు వంక చూసింది. కొడుకు వంక చూసింది. వీరేందర్ కండ్లు కదలలేదు.

మోకు కోశారు అని ఒక్క మాట అంటే చాలు. ఓదెలు బతుకుతాడు. కానీ ఎవరు కోశారని అడుగుతారు. గౌండ్లోళ్ళంతా కూడతారు. మోకు కోసినవాణ్ణి ఊరు వదలదు, ఠాణా వదలదు. కొడుకు ఒక జైలు నుంచి వచ్చి ఇంకో జైలుకు పోతాడు. అనకపోతే ఓదెలు చెట్టు మీంచి పడతాడు. తన నోటి ముందు రెండు చావులు పెట్టుకుని, ఆమె వెతికింది. మూడోది ఒకటి దొరికింది. నాలుగేండ్లుగా అది అక్కడే ఉంది.

ఆమె చెట్టు మొదలు రెండు చేతులా వాటేసుకుని కూలబడింది.

“అన్నా, నేను ఒక మాట చెప్తా. అది విన్నంకనే ఎక్కు.”

“గీత తప్పితే చెట్టు కల్లు పారుడు ఆగుతది చెల్లే. పొద్దు పోతాంది.”

“నాలుగేండ్ల కింద మల్లక్క వదిన నా గడప కాడికి అచ్చి అడిగింది. నమ్ముతవా నమ్మవా అని. నమ్ముడు కాదన్నా. నాకు తెల్సు. మీ మూటల మీరు ఏం పెట్టలే.” ఊపిరి అందక ఆగింది. “పొట్లం నాది. వీడు బరువైతాందని తీసి పారేత్తే, మీ మూట కుట్టు విప్పి నేను పెట్టిన. వేరేటోళ్ళు తింటరని వీని పేరు రాసిన. నేనే రాసిన. గసాలు తప్పని నాకు తెల్వదు. కని తెల్సినంక గుడ చెప్పలే. అదీ నా తప్పు.”

వీరేందర్ చెట్టు వదిలి రెండు అడుగులు వేశాడు. “అబద్ధం. ఈయిన్ని కాపాడెతందుకు ఆడుతున్నవ్.”

“నీ కాగితం తియ్యి.”

“అవ్వా...”

“తియ్యి కొడుకా.”

వాడు జేబులోంచి కాగితం తీశాడు. మొగిలవ్వ చేత్తో కాలువ గట్టు మట్టిని చదును చేసి, చూపుడు వేలితో నెమ్మదిగా, ఒత్తి ఒత్తి, కొడుకు పేరు రాసింది. చిన్నప్పుడు వాడికి పలక మీద దిద్దించినట్టే రాసింది.

వీరేందర్ మట్టిని చూశాడు. కాగితాన్ని చూశాడు. మళ్ళీ మట్టిని చూశాడు.

ఓదెలు కూడా వంగి చూశాడు. ఆయన మొహంలో కోపం వస్తుందేమోనని మొగిలవ్వ ఎదురుచూసింది. కొట్టినా బాగుండు అనుకుంది. ఆయన ఎండిన పెదాలు తడుపుకున్నాడు.

“నాలుగేండ్లు, చెల్లే,” అన్నాడు. “పొద్దుమాపు గీసిన. దింపుకచ్చి గిదే చెట్టు మొదట్ల పోసిన. మల్లక్క ఎల్లమ్మ పండుగకు గుడ ఇల్లు ఇడిసి బయటికెల్లలే. నా కొడుకు సిగ్గుకు ఊరికి అచ్చుడే బందు వెట్టిండు. నేను పెట్టలేదు, పెట్టలేదు అని ఎంతమందికి చెప్పిన.” ఇంకేదో అనబోయి, చెయ్యి విదిలించాడు. “నిన్నేమన్నా నాకేం అత్తది ఇప్పుడు.”

తర్వాత వీరేందర్ వైపు తిరిగాడు.

“నువ్వచ్చినకాడికెల్లి సూత్తున్న. నా మీద పగతోనే అచ్చినవని నాకెరుకే. ఇప్పుడు ఇన్నవ్ గదా. మరి ఆ పగను ఏం జేత్తవ్ అల్లుడా? మీ అవ్వ మీద తీర్సుకుంటవా?”

కాగితం వాడి చేతిలో గాలికి కొట్టుకుంటోంది.

ఓదెలు “చెట్టుకు మన పంచాది తెల్వదు,” అని గొణిగి, మోకును తాటిచెట్టు చుట్టూ తిప్పి, కొక్కెం తగిలించాడు. “జరుగు చెల్లే.”

మొగిలవ్వ జరగలేదు. ఆయన ఆమెను దాటి, పాదం చెట్టుకు ఆనించి, నడుము వెనక్కు వేసి మోకు బిగువు చూశాడు. నార సన్నగా కిర్రుమంది.

ఆమె నోరు తెరవాలనుకుని, పంటితో కొంగు కొరికి పట్టుకుంది. ఇప్పటిదాకా నోరు మూసుకున్నది తను. ఇప్పుడు నోరు విప్పాల్సింది తను కాదు, కొడుకు. రెండో అడుగు పడితే మాత్రం అరుస్తుంది, ఊరు వచ్చి కొడుకును ఏమైనా చేసుకోనీ, అరుస్తుంది. ఓదెలు కాలి మడమ దగ్గరే ఆమె చెయ్యి సిద్ధంగా ఉంది. కండ్లు మాత్రం కొడుకు మీదే ఉన్నాయి.

కాలువ నీళ్ళ చప్పుడు. పైన లొట్టి చుట్టూ కందిరీగల రొద. వీరేందర్ మట్టిలో రాసిన తన పేరు వంకే చూస్తున్నాడు. పది బీడీలు చుట్టేంతసేపు గడిచినట్టు అనిపించింది ఆమెకు. ఓదెలు రెండో కాలు నేల మీంచి లేపాడు.

“మామా.”

ఓదెలు ఆగి, మెడ తిప్పి చూశాడు.

“దిగు మామా. ఆ మోకు మంచిగ లేదు,” అన్నాడు వీరేందర్. “తోలు కింద నేను కోసిన.”